కుక్కర్ గ్యాస్కెట్ పెట్టిన సముద్రపు పడవ

నంద్యాలలో కూర్చుని సముద్రపు పడవ చేశానంటే ఎవరైనా ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి, నేనూ నవ్వాను. ఫైబర్ నీళ్ళ ట్యాంకులు, బాత్రూం తలుపులు చేసుకునే షెడ్డు నాది. ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాక నా షెడ్డులో మనుషులు ఒక్కొక్కరే తగ్గి, చివరికి మిగిలింది నేనూ, మొదటినుంచీ నాతో ఉన్న భాయీ. ఆయన గాజునార మ్యాట్ పరిచి, రెజిన్ జిగురు పూసి, రోలర్ తిప్పితే లోపల ఒక్క గాలిబుడగ మిగలదు. అలాంటి చేతిని ఆళ్లగడ్డలో విగ్రహాలు చేసేవాళ్ళు రమ్మని పిలుస్తున్నారు. రాతి శిల్పాల ఊళ్ళో ఇప్పుడు పెళ్ళిమంటపాల కోసం ఫైబర్ ఏనుగులు కూడా పుడుతున్నాయి.

"ఒక నెల చూస్తానన్నా. పనొస్తే ఈడనే ఉంటా. లేకుంటే పోతా" అన్నాడు భాయ్.

ఆ నెలలోనే కోస్తా నుంచి ఒకాయన వచ్చాడు. సముద్రం మీద జనాన్ని కయాకుల్లో తిప్పడం ఆయన పని. కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చుని, అటొకసారి ఇటొకసారి తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పొడుగు పడవ. ఆళ్లగడ్డలో విగ్రహం చేయించుకోవడానికి వచ్చి, ఫైబర్ పని నా దగ్గర బాగుంటుందని ఎవరో చెబితే ఇటు తిరిగాడు. జీపు మీద పాత కయాకు కట్టి ఉంది.

"దీన్ని చూసి ఒకటి చేసిపెట్టండి. బాగుంటే మిగతావన్నీ మీ దగ్గరే చేయిస్తానండి."

ఆ 'అండి' నాకు బయానాలాగే వినిపించింది.

కయాకులో కూర్చునే చోటుకు ముందొకటి, వెనకొకటి మూసిన గదులుంటాయి. అలలు పడవను తిరగేసినా వాటిలోకి నీళ్ళు పోకూడదు. ఆ గదుల్లో గాలి ఉంటేనే పడవ తేలుతుంది, మనిషి బతుకుతాడు. ఒక్కో గదికీ పైన ఒక గుండ్రటి మూత. పాత పడవ మూతలు ఎప్పుడో సముద్రంలో పోయాయట. అంటే ఒళ్ళంతా చూసి రాయొచ్చు, అసలు ప్రశ్నకు మాత్రం జవాబు మేమే రాసుకోవాలి. చదువుకునే రోజుల్లో నేను ఫెయిలైన పద్ధతి సరిగ్గా ఇదే.

మూతకు రబ్బరు కావాలి. భాయ్ కాసేపు గడ్డం గోక్కుని, "కుక్కర్ గ్యాస్కెట్టన్నా. ఆవిరినే పోనియ్యదు, నీళ్ళొక లెక్కా?" అన్నాడు. నాకు అంతకంటే గొప్ప ఆలోచన రాలేదు కాబట్టి, అది నా ఆలోచనే అని అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాను. బజారులో శెట్టిగారి పాత్రల అంగడికి పోయాం.

"ఎన్ని లీటర్ల కుక్కరప్పా?"

"కుక్కర్‌కు కాదు. పడవకు."

"పడవకా? యాడ నడుపుతావ్, కుందూ ఏట్లోనా?"

"సముద్రంలో."

శెట్టిగారు నన్ను వదిలేసి భాయ్ వైపు తిరిగాడు. "ఎన్ని దినాలాయె ఈయనకు ఇట్లా?"

"ట్యాంకులు ఆగిపోయినప్పట్నుంచి" అన్నాడు భాయ్, నవ్వకుండా.

హోటళ్ళవాళ్ళు వాడే పెద్ద కుక్కర్ గ్యాస్కెట్లు తెచ్చి, వాటి కొలతకే మూతలు పోశాం.

మాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. ట్యాంకు తయారయ్యాక నిండా నీళ్ళు పోసి, ఇటుకల మీద నిలబెట్టి, తెల్లారాక కింద తడి ఉందేమో చూస్తాం. కయాకునూ అలాగే చూశాం. రెండు గదుల్లో గొంతు దాకా నీళ్ళు నింపి, మూతలు బిగించి, ఇటుకలెక్కించాం. పొద్దున భాయ్ చీపురుపుల్లతో కింది నేలను గీకి చూపించాడు. పొడి దుమ్ము లేచింది. నేల తడవనందుకు కళ్ళు తడవడం నాకు అదే మొదటిసారి.

ఆయన వచ్చాడు. పడవను వెలుగోడు రిజర్వాయరుకు తీసుకుపోయాం. ఎక్కి చాలా దూరం తెడ్డు వేశాడు. పడవ నీళ్ళను కోసుకుంటూ సూటిగా పోతుంటే భాయ్ నా భుజం మీద చెయ్యేశాడు. అప్పుడు ఆయన కావాలనే దాన్ని బోల్తా కొట్టించాడు. పైకి తేలి, పడవను తిప్పి, మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ బోల్తా. ఈసారి ఎక్కేసరికి పడవ వెనకభాగం నీళ్ళల్లో కూలబడి, ముక్కు ఆకాశానికి లేచింది. అలాగే ఈడ్చుకుంటూ ఒడ్డుకు చేరాడు.

వెనక మూత తీసి చెయ్యి పెడితే మోచేతి దాకా నీళ్ళు. మేము పోయకుండానే నిండిన మొదటి ట్యాంకు అది.

ఆ రోజు తేలింది పడవ కాదు, మా తెలివి. ట్యాంకులోనైనా, కుక్కర్లోనైనా తోసేది లోపలినుంచే. ఆవిరి తోసేకొద్దీ రబ్బరు మూతకు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. చెరువైనా, సముద్రమైనా బయటినుంచి తోసి, అదే రబ్బరును వదులు చేస్తుంది. బతుకంతా నీళ్ళను లోపల నిలబెట్టిన మాకు, బయట నిలబెట్టడం బుర్రకే తట్టలేదు.

"మూత మార్చి ఇంకోటి చేసిస్తాం సార్" అన్నాడు భాయ్.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఒళ్ళు చాలా బాగా చేశారండి. కానీ ఇందులో నేను వేరేవాళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టాలండి. ఇక మీరు ఏ మూత చూపించినా నాకు ఈ నీళ్ళే గుర్తొస్తాయి."

తిట్టి ఉంటే బదులు చెప్పేవాళ్ళం. పాత కయాకును జీపుకు కట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు.

భాయ్ ఊరుకోలేదు. ట్రాక్టర్ ట్యూబు కోసి అంచుకు రెండు వరసలు అతికించాడు. మూత మీదుగా బెల్టు వేసి బిగించాడు. ఇద్దరం పడవను కేసీ కాలువలో తలకిందులుగా అదిమి పట్టుకున్నాం. తీసి చూస్తే లోపల ఒక్క చుక్క లేదు. వెంటనే ఫోన్ చేశాను. పని వేరేచోట ఇచ్చేశాడట. "మీరేం అనుకోకండి" అన్నాడు. మూత కుదిరేసరికి షెడ్డు మూతబడే దారి పట్టింది.

నెల కాగానే భాయ్ తన రోలర్లు గోనెసంచిలో వేసుకుని ఆళ్లగడ్డ పోయాడు.

మొన్న నేనే పోయాను. తిరిగి రమ్మని అడగాలని, ఏ పనికి అంటే చెప్పడానికి బస్సులో రెండు మూడు అబద్ధాలు కూడా తయారు చేసుకున్నాను. ఆయన ఒక ఏనుగు కడుపులో సగం దూరి రోలర్ తిప్పుతున్నాడు. నన్ను చూసి బయటికి వచ్చాడు.

"ఏందన్నా, ఇంత ఎండలో వచ్చినావ్?"

"ఊరికే."

"షెడ్డు తెరుస్తాండావా?"

"తెరుస్తాండా."

"ఏం చేస్తాండావ్ మరి?"

"తెరుస్తాండా" అన్నాను మళ్ళీ.

భాయ్ చేతిలోని డబ్బా చూసుకున్నాడు. గట్టిపడే మందు కలిపిన రెజిన్ ఎవరి కోసమూ ఆగదు, నిమిషాల్లో గడ్డకడుతుంది. "కూచో అన్నా, టీ చెప్తా" అని, మళ్ళీ ఏనుగు లోపలికి పోయాడు. టీ వచ్చింది, తాగాను. ఆ డబ్బా అయిపోగానే పక్కనున్నవాళ్ళు ఇంకో డబ్బా కలిపి లోపలికి అందించారు. గ్లాసు కింద పెట్టి, బస్టాండుకు నడిచాను.