ఒక్కసారే నొక్కాను

ఆఫీసులో ఆమెకు అగ్గిపెట్టె అని పేరు. మనిషి చిన్నది, అంటుకోవడం త్వరగా. చాటుగా పిలుచుకునేవాళ్ళు గానీ, ఆ సంగతి ఆమెకు తెలుసు. ముక్కు మీదే కోపం అన్న మాట పుట్టింట్లో, మెట్టినింట్లో, మధ్యలో చదివిన బళ్ళలో విని విని చెవులు కాయలు కాచిన మనిషికి అదొక లెక్క కాదు.

ఊరంతటికీ నీళ్ళు పంపే శాఖకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కంపెనీలో ఆమె టెస్టర్. పద్దెనిమిదేళ్ళుగా ఎవరో రాసిన దాంట్లో తప్పులు పట్టడమే పని. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ తెర మీద ఒక మీట నొక్కుతాడు. ఆ మాట మధ్యలో ఉండే కంపెనీవారి కంప్యూటర్‌కు చేరుతుంది. అది ఎక్కడో పంపు హౌస్‌లో ఉన్న కంప్యూటర్‌ను పిలిచి, ఫలానా వాల్వు తిప్పమని చెబుతుంది. అది తిప్పి, తిప్పానని బదులిస్తుంది. తక్కిన టెస్టర్లు తెర మీది మీటలు నొక్కి, ‘జరిగింది’ అని వస్తే టిక్కు పెట్టుకుని టీకి పోయేవాళ్ళు. ఆమె మీటల జోలికి పోదు. నల్లటి కిటికీ ఒకటి తెరిచి, అందులో ఒక్క వరుస టైపు చేస్తుంది. ఏ కంప్యూటర్‌ను పిలవాలి, ఏ పని చేయించాలి, బదులు కోసం ఎంతసేపు ఆగాలి, అంతే. ఎంటర్ కొడితే తెరలూ రంగులూ అడ్డు లేకుండా ఆ కంప్యూటరే నేరుగా నోరు విప్పుతుంది.

“మీటలకు మొహమాటం ఎక్కువ. లోపల కొంప మునిగినా పైకి నవ్వుతూనే ఉంటాయి,” అనేది.

అలా పిలుస్తూ ఉండగానే ఒక మధ్యాహ్నం ఆమెకు ఆ తప్పు దొరికింది. ఊళ్ళోని మీటర్లన్నీ ఒకేసారి రీడింగులు పంపే వేళ అది. పంపు హౌస్ కంప్యూటర్‌కు ఊపిరి సలపదు. మామూలుగా అర సెకనులో చెప్పే బదులు నాలుగు సెకన్లకు చెబుతోంది. మధ్య కంప్యూటర్‌కేమో మూడు సెకన్ల ఓపికే ఇచ్చారు. మూడు దాటగానే తన మాట అందలేదనుకుని, అదే మాట ఇంకోసారి చెబుతోంది. చెప్పే మాట ‘మూయి’ అయితే ఎన్నిసార్లు చెప్పినా నష్టం లేదు. కానీ అక్కడ రాసింది ‘తిప్పు’. తెరిచి ఉంటే మూయడం, మూసి ఉంటే తెరవడం. ఆమె మధ్య కంప్యూటర్‌ను ఒక్కసారి పిలిస్తే అవతల వాల్వు రెండుసార్లు తిరిగింది. అంటే మూసుకోబోయి మళ్ళీ తెరుచుకుంది. ఇవతల మాత్రం ‘జరిగింది’ అని వచ్చింది.

ఆమె ఆరుసార్లు చేసి చూసి, వేళలతో సహా రిపోర్టు రాసింది. టీమ్ లీడర్ దాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకుని మూసేశాడు. అతను గొంతు పెంచడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు, ఏ గొడవైనా సర్దుకుందాం అంటాడు. అందుకే అతనికి సర్దుబాటు సారని పేరు. రిపోర్టు కింద ఒకే వాక్యం రాశాడు: ‘నిజ జీవితంలో ఇలా జరగదు.’

ఆమె వెళ్ళి అరిచింది. అతను నవ్వాడు. “మేడమ్, మీరు ఆ నల్ల తెరలోంచి పిలుస్తారు. ఆపరేటర్లు అలా పిలవరు కదా. వచ్చే విడతలో చూద్దాం.” వచ్చే విడత వచ్చింది, పోయింది. ఆమెకూ వేరే పనులు మీద పడ్డాయి. రెండుసార్లు గుర్తు చేసి, మూడోసారి మానేసింది.

ఎనిమిది నెలల తర్వాత, ఒక సోమవారం పొద్దున, సర్దుబాటు సారు అందరినీ పిలిచి చల్లటి కబురు చెబుతున్నట్టు చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒక పెద్ద పైపు అతుకు బాగుచేయడానికి ఫిట్టర్ గోతిలోకి దిగాడు. కంట్రోల్ రూమ్ ఆపరేటర్ వాల్వు మూశానని ఫోన్లో చెప్పాడు. ఫిట్టర్ బోల్టులు వదులు చేసేసరికి నీళ్ళు ఎగదన్ని, ఇనప మూత వచ్చి కాలి మీద పడింది. ఎముక రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది. ఆపరేటర్‌ను సస్పెండ్ చేశారు.

“మన తప్పేం లేదు. పంపు హౌస్ రికార్డులో స్పష్టంగా ఉంది. ఆపరేటర్ మీట రెండుసార్లు నొక్కాడు,” అన్నాడు.

రెండుసార్లు అన్న మాట చెవిన పడగానే ఆమెకు తన పాత రిపోర్టు గుర్తొచ్చింది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది.

“రెండిటికీ మధ్య ఎంత తేడా?” అని అడిగింది.

“ఏమిటి మేడమ్?”

“రెండు నొక్కుళ్ళకీ మధ్య ఎన్ని సెకన్లు?”

అతను కాగితం తిరగేశాడు. “మూడు,” అన్నాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూడలేదు.

అందరూ వెళ్ళాక ఆమె తలుపు వేసింది. “మనిషి రెండుసార్లు నొక్కితే రెండు సెకన్లో, అయిదో, ఏదో ఒకటి ఉంటుంది. సరిగ్గా మూడు సెకన్లకు నొక్కేది మన మిషనే. మీకు తెలుసు. నేను రాసిచ్చాను. ‘నిజ జీవితంలో జరగద’ని మీరే రాశారు.”

“కొంచెం నెమ్మదిగా...”

“నెమ్మదిగా ఎందుకు? ఆ మనిషి కాలు నెమ్మదిగా విరిగిందా?”

అతను విచారణ కమిటీకి కంపెనీ ఉత్తరం వెళ్ళిపోయిందనీ, ఆపరేటర్ ఎలాగూ రెండేళ్ళలో రిటైరయ్యే మనిషేననీ, పెన్షన్‌కు ఢోకా లేకుండా పైవాళ్ళతో మాట్లాడి చూస్తాననీ అన్నాడు. “మీ రిపోర్టు బయటికొస్తే పోయేది కంపెనీ ఒక్కటే కాదు మేడమ్. నలభై మంది ఉద్యోగాలు. సర్దుకుందాం.”

ఆ మాటకు ఆమె బల్ల మీద ఉన్న గాజు గ్లాసు ఎత్తింది. విసరలేదు. ఎత్తిన దాన్ని ఏం చేయాలో తెలియక నీళ్ళు గటగటా తాగేసి, ఠంగుమని పెట్టి బయటికొచ్చింది.

ఇంటికొచ్చి చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది అత్తగారే. భర్త కళ్ళజోళ్ళ దుకాణం మూసి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, వచ్చినా కోపం కబుర్లంటే అతనికి భయం. అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవై ఏడేళ్ళు పనిచేసిన మనిషి. చెవి మీద జుట్టు ఇప్పటికీ హెడ్‌ఫోన్ ఒత్తిడికి అణిగినట్టే ఉంటుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కథంతా విన్నది.

“ఇంతకీ ఆ మధ్యలోది ఎందుకు రెండోసారి చెప్పింది?”

“బదులు రాలేదని, అత్తయ్యా.”

“బదులు రాకపోతే మాట వినపడలేదనేనా? విన్నవాడు పనిలో ఉండి పలకలేదేమో. మా రోజుల్లో ఎవరైనా అలా చేస్తే సూపర్‌వైజరు వీపు విమానం మోత మోగించేది. ముందు ‘అందిందా?’ అని అడగాలి. అడక్కుండా రెండో కాల్ కలపకూడదు. చదువుకున్నవాళ్ళు, మీకీ మాత్రం తెలీలేదా?”

“నాకు తెలిసింది. చెప్పాను.”

“చెప్పి?”

ఆమె చిక్కుడుకాయ ఒకటి తీసుకుని విరిచింది, ఇంకోటి విరిచింది. అత్తగారు గిన్నె పక్కకు జరిపింది. “కూరకు కొన్ని ఉంచు తల్లీ. ఆ విచారణ ఎప్పుడో కనుక్కో.”

విచారణ గురువారం. కంపెనీ తరఫున ఆమెను ఎవరూ పంపలేదు. సెలవు పెట్టి, సొంత లాప్‌టాప్ చంకన పెట్టుకుని తనే వెళ్ళింది. పొడుగాటి బల్ల, అటు ముగ్గురు అధికారులు, ఇటు సర్దుబాటు సారు, చివర ఒక్క కుర్చీలో ఆపరేటర్. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఏది అడిగినా ఒకటే జవాబు.

“ఒక్కసారే నొక్కానండీ.”

“రికార్డులో రెండున్నాయి కదా?”

“ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నొక్కుతున్నాను. ఒక్కసారే నొక్కానండీ.”

ఆమె లేచి నిలబడింది. “ఆయన ఒక్కసారే నొక్కారు. రెండోసారి నొక్కింది మేము రాసిన సాఫ్ట్‌వేర్.”

సర్దుబాటు సారు కుర్చీలోంచి సగం లేచాడు. “మేడమ్‌ది వ్యక్తిగత అభిప్రాయం. కంపెనీకి సంబంధం...”

“అభిప్రాయం కాదు. ఇప్పుడే చేసి చూపిస్తాను.”

కమిటీకి పెద్ద, నీళ్ళ శాఖ చీఫ్ ఇంజనీరమ్మ. కళ్ళద్దాలు తీసి ఆమెను ఎగాదిగా చూసి, “ఇక్కడ మాటలెందుకు? వర్క్‌షాపులో వాల్వుంది, పదండి,” అంది.

వర్క్‌షాపులో పరీక్షకని బిగించిన వాల్వు ఒకటి, దానికో చిన్న మోటారు, పంపు హౌస్‌లో ఉండే లాంటి కంప్యూటరే ఒకటి, మధ్య కంప్యూటర్, దానికి ఆపరేటర్ తెర కూడా ఉన్నాయి. ఆమె స్టూలు మీద కూర్చుని నల్ల కిటికీలు రెండు తెరిచింది. కోపంలో మొదటి వరుస తప్పు పడింది. చెరిపి మళ్ళీ కొట్టింది. ఒక కిటికీలోంచి మీటర్ల రీడింగులు వేల కొద్దీ ఆ కంప్యూటర్ మీద కుమ్మరించింది. రెండో కిటికీలోంచి దాన్ని ఉత్తినే పలకరించి చూసింది. బదులు నాలుగు సెకన్లకు వచ్చింది.

“శుక్రవారం మధ్యాహ్నం అది ఇలాగే ఉంది,” అని, ఆపరేటర్ వైపు తిరిగింది. “మీరు రండి, బాబాయ్. మీ చేత్తోనే నొక్కండి.”

అతను వచ్చాడు. చొక్కాకు వేలు తుడుచుకున్నాడు. అందరూ అతని చేతినే చూస్తున్నారు. ఒక్కసారి నొక్కి, చెయ్యి వెనక్కి తీసుకుని వీపు వెనక పెట్టుకున్నాడు. మోటారు గుర్రుమంది. వాల్వు మూసుకోవడం మొదలుపెట్టింది. చీఫ్ ఇంజనీరమ్మ పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... మోటారు ఆగింది. క్షణం తర్వాత మళ్ళీ గుర్రుమని వెనక్కి తిరిగింది. వాల్వు బార్లా తెరుచుకుంది. తెర మీద పచ్చటి అక్షరాలతో వచ్చింది: ‘జరిగింది.’

“ఇంకోసారి,” అంది ఇంజనీరమ్మ. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. సర్దుబాటు సారు సెల్‌ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు, అందులో ఏమీ లేకపోయినా.

ఆమె సంచిలోంచి పాత రిపోర్టు తీసి ఇంజనీరమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ చదివి పక్కనున్న అధికారికి ఇచ్చింది. ఆయన చదివి బల్ల మీద పెట్టాడు. ఆపరేటర్ అక్కడికి వెళ్ళి, వంగి, తనూ చదివాడు. పైనున్న తేదీ దగ్గర వేలు ఆగింది.

“ఇది ఎనిమిది నెలల కిందటిదా?” అన్నాడు.

“అవును.”

“అంటే నీకు తెలుసు.”

“చెప్పాను, బాబాయ్. వాళ్ళు...”

“వాళ్ళకు చెప్పావు. నాకెందుకు చెప్పలేదు? కంట్రోల్ రూమ్ ఎక్కడుందో తెలీదా? బస్సెక్కితే అరగంట. ‘పెద్దాయనా, మధ్యాహ్నం పూట ఆ మీట నమ్మొద్దు, పంపు హౌస్‌కి ఫోన్ చేసి కనుక్కో’ అని ఒక్క ముక్క చెబితే చాలదా? ఆ ఫిట్టర్‌కి ‘మూశాను’ అని చెప్పింది నా నోరు. ఈ ఆరు రోజులూ నిజంగానే రెండుసార్లు నొక్కానేమోనని నా వేలినే నేను నమ్మలేదు. ఇంట్లోవాళ్ళు నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, తెలుసా?”

వారమంతా ఆమెకు సర్దుబాటు సారు మీద, కంపెనీ మీద ఎగదోసుకొచ్చిన కోపం ఇప్పుడు తన మీదికే తిరిగింది. రిపోర్టు రాశాను, నా పని అయిపోయింది అనుకుంది. చేతులు దులుపుకోవడం సర్దుబాటు సారు ఒక్కడికే వచ్చిన విద్య కాదు. అరిచినందుకే సగం బాధ్యత తీరిపోయినట్టు ఇంటికెళ్ళి అన్నం తిన్నది.

నెల తిరక్కుండా సస్పెన్షన్ ఎత్తేశారు. ఫిట్టర్ వైద్యం, జీతం కంపెనీ మీద పడ్డాయి. సర్దుబాటు సారును వేరే పనికి మార్చారు. అది శిక్షో వరమో ఎవరికీ తెలియలేదు. అనుమతి లేకుండా బయటివారి ముందు మాట్లాడినందుకు ఆమెకు ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. దాన్ని అత్తగారు చదివి, “అక్షరం బాగుంది,” అని చిక్కుడు తొక్కల కింద పరిచింది. ఆమె ఆసుపత్రికి వెళ్ళి ఫిట్టర్‌ను చూసింది. అతను కట్టు కట్టిన కాలు వైపు చూపించి, “ఇది సరే. రెండో కాలు ఎవరి చేతిలో ఉందో ముందే చెప్పమ్మా,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

‘తిప్పు’ తీసేసి ‘మూయి’, ‘తెరువు’ అని రెండు వేరు పనులు రాశారు. బదులు రాకపోతే మధ్య కంప్యూటర్ ముందు వాల్వు ఎలా ఉందో అడగాలి. తెర మీద ‘జరిగింది’ బదులు, మూసి ఉందో తెరిచి ఉందో కనిపించాలి. ఆపరేటర్ ఉద్యోగంలో చేరే ముందు ఒక్క షరతు పెట్టాడు. కొత్త మీటలను తన ఎదుటే పరీక్షించాలి, అదీ ఆమే చేయాలి.

ఆమె బస్సెక్కి కంట్రోల్ రూమ్‌కు వెళ్ళింది. నిజంగానే అరగంట. అతను కుర్చీ చూపించాడు గానీ పలకరించలేదు. ఆమె నల్ల కిటికీ తెరిచి పంపు హౌస్‌ను పిలిచింది. దాని మీద రీడింగులు కుమ్మరించి, ఊపిరి సలపకుండా చేసి, మళ్ళీ పిలిచింది. మధ్యలో తీగ పీకి పిలిచింది. ప్రతిసారీ అతను పంపు హౌస్‌కు ఫోన్ చేసి, అక్కడి మనిషి కళ్ళతో చూసి చెప్పాకే తల ఊపాడు.

“ఇంకోసారి,” అన్నాడు.

ఇరవై దాటాయి. మామూలుగా అయితే అయిదోసారికే ఆమె అంటుకునేది. ఇప్పుడు మారు మాట్లాడకుండా టైపు చేసింది. ముప్ఫై దాటాయి. వేళ్ళు నొప్పి పుట్టాయి. సాయంత్రం డ్యూటీ మనిషి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆపరేటర్ అప్పటికీ చాలు అనలేదు.

“మిగతా వాల్వులు రేపు చూద్దాం. తొమ్మిదింటికి రా,” అన్నాడు.

“వస్తాను, బాబాయ్,” అంది ఆమె. మర్నాడు పావు తక్కువ తొమ్మిదికే వెళ్ళింది.