కనిపించని మంట, కనిపించిన మసి

ఆ రోజుల్లో, అంటే జూబ్లీ హిల్స్‌లో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువగా ఉన్న ఎనభైల చివర్లో, దేశంలో పొగన్నది లేకుండా చేద్దామని నేనొక్కడినే బయలుదేరాను. పద్దెనిమిది పర్వాల గాథ చెప్తానని సర్దుకుని కూర్చోకండి. జరిగిందంతా ఒక రేకుల షెడ్డులో, టిఫినుకీ భోజనానికీ మధ్య. మీథేన్ వాయువును కరెంటు మెరుపులోంచి పంపిస్తే (దాన్నే ప్లాస్మా అంటారు, అనడం సులువు) పొగ లేకుండా మండే హైడ్రోజన్ ఒకవైపు, మెత్తటి మసి ఒకవైపు విడిపోతాయి. ఎమ్మెస్సీ పాసై, ఉద్యోగం లేక, ఏడాదిగా ఆ యంత్రంతో కుస్తీ పడుతున్నాను. షెడ్డు ఒక సినిమా నిర్మాతగారిది. ఇప్పించింది ఆయన దగ్గర ప్రొడక్షన్ మేనేజరుగా ఉన్న మా బాబాయి. "ఆదివారం అయ్యగారికి చూపించు. నచ్చకపోతే సోమవారం షెడ్డు ఖాళీ చేసి నాతో షూటింగులకి రా. భోజనాల దగ్గర వడ్డించేవాళ్లు తక్కువయ్యారు" అన్నాడు.

ఆదివారం నిర్మాతగారు తెల్ల చొక్కా, తెల్ల పంచె, తెల్ల చెప్పులతో వచ్చారు. సినిమావాళ్లకు ముహూర్తం, హారతి లేనిదే గోడకు మేకు కూడా దిగదు. నా యంత్రానికి దండ వేసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కర్పూరం పూర్తిగా ఆరేదాకా గ్యాసు తెరవనని నేను మొండికేశాను (లేకపోతే అందరికీ ఒకేసారి మోక్షం). తర్వాత బోరబండ నుంచి వచ్చే లైట్‌మన్ అన్న షూటింగ్ జనరేటర్ వేశాడు. షెడ్డు బయటికి పెట్టిన గొట్టం చివర, మిట్ట ఎండలో, హైడ్రోజన్ అంటించాను.

"వెలిగిందా?" అన్నారు నిర్మాతగారు.

"వెలిగిందండీ."

"ఏదీ?"

"ఎండలో కనిపించదండీ."

"కనిపించని మంటకి టికెట్ ఎవడు కొంటాడయ్యా?"

"జర ఆగుండ్రి సార్" అని లైట్‌మన్ అన్న ఒక అగరుబత్తి తీసి ఖాళీ గాలిలో పెట్టాడు. అది భగ్గున అంటుకుంది. నిర్మాతగారు చెప్పులు గోడ చాటున విడిచి చేతులు జోడించారు. బాబాయీ జోడించాడు (అదీ ఆయన ఉద్యోగంలో భాగమే). నా జీవితంలో శిఖరం అదే. ఒక నిమిషం నిలిచింది. ఆలోగా లోపల మసి పేరుకుని గొట్టం పూడుకుపోయింది. ఏడాదిగా ఉన్న రోగమే, ఆదివారం సెలవు తీసుకుంటుందనుకున్నాను. దబ్బుమని మూత లేచి, మసంతా తలుపులోంచి మా మీదికొచ్చింది. మసి తగ్గాక చూస్తే, నిర్మాతగారి తాలూకు తెల్లగా మిగిలినవి ఆ విడిచిన చెప్పులే.

"గిట్లయితదని నాకెర్కనే" అన్నాడు లైట్‌మన్ అన్న, జనరేటర్ ఆపుతూ.

"ముందే చెప్పొచ్చుగా అన్నా?"

"సదువుకున్నోనివి, నీకెర్క లేదనుకుంటనా?"

బాబాయి అప్పటికే నా వైపు చూడడం మానేశాడు. నిర్మాతగారు మాత్రం చొక్కా మీది మసిని వేళ్లతో నలిపి చూసుకుంటున్నారు. "బాబూ, ఇది రోజుకెంత వస్తుంది?"

"బకెట్టెడు వస్తుందండీ."

"మంగళవారం నుంచి కాలిపోయిన బంగళా సెట్లో షూటింగు. ఆర్ట్‌వాళ్లు కుండల మసి గీక్కుంటూ కూర్చున్నారు. షెడ్డు నువ్వే ఉంచుకో. ఆ కనిపించనిది మాత్రం పైకి వదిలెయ్."

అలా షెడ్డు దక్కింది. రెండేళ్లపాటు ఫిల్మ్ నగర్‌లో తగలబడిన ప్రతి బంగళాకూ మసి నాదే. హైడ్రోజన్ మాత్రం రేకుల మీది గొట్టంలోంచి ఊరికే ఆకాశంలోకి పోయేది. ఇప్పుడు టీవీలో ఎవరైనా హైడ్రోజనే రేపటి ఇంధనమని ఆవేశపడితే, అప్పటి నేను, ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, వాడు చెప్పింది నిజమే. వాడి భుజం తట్టాలనిపిస్తుంది, కానీ ఒళ్లంతా మసి. అది సబ్బుతో పోదు. ముందు కొబ్బరినూనె రాసి, పాతగుడ్డతో తుడవాలి.