రొయ్య ముల్లు

నా చిన్నప్పుడు, సముద్రం వైపు పొలాలన్నీ రొయ్యల చెరువులైపోతున్న రోజుల్లో, మా ఊరి బడికి ఒక్కరే మాస్టారు. ఉయ్యూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని చెయ్యి చాపమని చెక్క స్కేలు అంచుతో కొట్టేవారు. ఆయన మంచివారని నేను చెప్పను. ఆ దెబ్బ పడితే కళ్ల ముందు నల్లబడేది.

నేను రోజూ ఆలస్యమే. తెల్లారకముందే మా నాన్న నన్ను రొయ్యల షెడ్డుకు తోలేవాడు. ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తుంచాలి. ఒకరోజు తల మీది ముల్లు అరచేతిలో దిగి లోపలే విరిగింది. ఎవరికీ చెప్పలేదు. షెడ్డు మానతానంటే నాన్న తోలు తీస్తాడు. రెండో రోజున మాస్టారు ఆ చేతి మీదే ఆరు దెబ్బలు వేశారు. మర్నాటికి చెయ్యి బూరెలా పొంగి, ఒళ్లు కాలిపోయింది.

"మాస్టారు కొట్టాడా?" అన్నాడు నాన్న. తలూపాను. కొట్టారుగా మరి.

మా నాన్న, బాబాయిలు, మా పేట మగవాళ్లంతా పడవ తెడ్లు పట్టుకుని, నన్నూ వెంట లాక్కెళ్లి బడి మీద పడ్డారు. మాస్టారిని జుట్టు పట్టి బయటికి ఈడ్చి, వల తాడుతో జెండా కర్రకు కట్టారు. మోకాలి మీద తెడ్డు పడిన చప్పుడు ఎండు మట్ట విరిగినట్టుంది. కళ్లజోడు ఎవరి కాలి కిందో నలిగింది. నోట్లోంచి రక్తం చొక్కా మీదికి కారుతోంది.

"ఆరు దెబ్బలేనమ్మా కొట్టింది, చెప్పమ్మా," అన్నారు మాస్టారు నావైపు చూసి. నేను నోరు విప్పలేదు. జాలి కూడా వెయ్యలేదు. ఉన్నమాట చెబుతున్నా, సంతోషమే వేసింది.

అప్పుడొచ్చింది మా నాయనమ్మ, నెత్తిన చేపల తట్టతో. "ఆగండ్రా. నా మనవరాలి చెయ్యి. ఆఖరి దెబ్బ నేనేస్తా," అంది. అందరూ దారిచ్చారు. ఆమె నా మణికట్టు పట్టి నన్ను మాస్టారి ముందు కూలేసింది. అరచెయ్యి వెలుగులో పెట్టి చూసి, గాజుకున్న పిన్నీసు తీసి వాపులో గుచ్చి చీల్చింది. నేను పెట్టిన కేక ఊరంతా వినే ఉంటుంది. చీముతో పాటు ముల్లు బయటపడింది.

దాన్ని నాన్న కళ్ల ముందు పెట్టింది. "బడిలో రొయ్యల్లేవు కదరా. పిల్లని షెడ్డుకి తోలిందెవడు? ఇప్పుడెవర్ని కడదాం?"

నాన్న తెడ్డు జారవిడిచాడు. కట్లు విప్పడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. నాయనమ్మే పళ్లతో ముడి లాగింది. లాగి, మాస్టారితో నెమ్మదిగా అంది: "మీరూ ఆ చెయ్యి చూడకుండానే కొట్టారు కదయ్యా."

ఆయన తల వంచుకున్నారు. బందరు ఆసుపత్రికి వెళ్లినవారు మళ్లీ రాలేదు. కుంటుతూ నడుస్తున్నారని తర్వాత ఎవరో చెప్పారు. ఆ ఊరా, వద్దు బాబోయ్ అని ఇంకే మాస్టారూ రాలేదు. బడికి తాళం పడింది. నేను మళ్లీ అక్షరాలు దిద్దుకున్నది ముప్ఫై దాటాక, మహిళా సంఘంలో. కలం పట్టుకుంటే అరచేతిలో ఆ గుంట ఇప్పటికీ తగులుతుంది.

మొన్న మా మనవడు టీచరు కొట్టిందని ఏడుస్తూ వచ్చాడు. మా అబ్బాయి చొక్కా తొడుక్కుంటున్నాడు. బడికి నేనే వెళ్లాను, అడగాల్సింది అడిగాను. కానీ మనవడి గుప్పిట విప్పి, వెలుగులో పెట్టి చూశాకే గడప దాటాను.