పడవకు ముందు బొమ్మ

మా బావ సినిమా డిస్కులకి అట్టలు వేసి పెట్టడానికి నేను విసుక్కుంటూనే ఒప్పుకున్నాను. గోపాలపట్నంలో మెయిన్ రోడ్డు మీద నాకో డీటీపీ షాపు ఉండేది. ఒక కంప్యూటరు, ఒక స్కానరు, ఒక ఇంక్‌జెట్ ప్రింటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. శుభలేఖలు, కరపత్రాలు, చర్చి వాళ్ళ క్రిస్మస్ కార్డులు, శ్రద్ధాంజలి ఫొటోలు, ఇవీ నా పనులు. వీధివీధికీ డిస్కుల కొట్లు వెలిసిన రోజులవి. ఒక మధ్యాహ్నం బావ గుడ్డసంచీ నిండా సినిమా డిస్కులు తెచ్చి నా బల్ల మీద గుమ్మరించాడు. ఒక్కదానికీ పెట్టె లేదు. అన్నీ పల్చటి ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి, పేర్లు స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. పెట్టెలు తను కొంటానని, అట్టలు నేను వెయ్యాలని అన్నాడు. నాకు వేరే పనేం లేదనుకుంటున్నావా అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

బావ అంటే మా అక్క మొగుడు. పద్మనాభం దగ్గర వరిపొలాల్లోంచి వచ్చి పోర్టులో క్రేన్ మీద పనికి కుదిరినవాడు. మేమేమో స్టీలు ప్లాంటు కడుతున్నప్పుడు నాన్న ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. ఆయన మాట మాకూ, మా మాట ఆయనకీ మొదట్లో నవ్వొచ్చేది. అక్క పోయి అప్పటికి ఆరేళ్ళయింది. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్తే అది జ్వరం కాదన్నారు. అంతే. వాళ్ళకి పిల్లల్లేరు. అమ్మా నాన్నా కూడా వెళ్ళిపోయాక అక్క వైపు మిగిలింది నేనొక్కణ్ణే.

ఆ సంచీలో ఉన్నవి ఏవంటే అవి కావు. ఆయనా అక్కా కలిసి హాల్లో చూసిన సినిమాలు మాత్రమే. ఒక్కొక్కటే వెతికి, పూర్ణా మార్కెట్ దగ్గర డిస్కుల కొట్లలో బతిమాలి సంపాదించాడు. అట్ట వెనకవైపు మామూలుగా నటీనటుల పేర్లు వేస్తాం కదా, ఈయనకవి అక్కర్లేదు. ఏ హాల్లో చూశారో, మ్యాట్నీయో సెకండ్ షోయో, వాన పడిందా, ఇంటర్వెల్లో ఏం తిన్నారో అది వెయ్యాలి. ఆయన చెప్తుంటే నేను టైపు కొట్టేవాణ్ణి. ఒకదాని మీద, బాల్కనీ దొరకలేదు, నేల మీద కూర్చున్నాం, పాపం మీయక్క కొత్త చీర, అని ఉంటుంది. ఇంకోదాని మీద, హీరోయిన్ చచ్చిపోయిందని అన్నం తినలేదు, అని ఉంటుంది. ఇది ఎవరైనా చదివితే నవ్వుతారు బావా అంటే, సదవడానికి ఎవడున్నాడ్రా అన్నాడు.

చిరాకుపడుతూ మొదలుపెట్టినవాణ్ణి మెల్లగా ఆ పనిలో పడిపోయాను. ముందు అట్ట, వెనక అట్ట, మధ్యలో పెట్టె వెన్ను, మూడూ ఒకే కాగితం మీద వస్తాయి. వెన్ను పద్నాలుగు మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయిందంటే సినిమా పేరు మడతలోకి పోతుంది. అన్ని వెన్నుల మీదా కిందనుంచి ఒకే ఎత్తులో ఎర్రగీత వేశాను. వన్‌టౌన్‌లో బావ ఇంట్లో చెక్క అరలో వరసగా పేరిస్తే ఆ గీత ఈ చివర నుంచి ఆ చివరకి ఎక్కడా తప్పకుండా వెళ్ళేది. పోర్టు నుంచి వచ్చే నల్లదుమ్ము ఆ ఇంట్లో పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ వచ్చి కూర్చునేది. బావ రెండు పూటలా ఆ పెట్టెలన్నీ తుడిచేవాడు. శుభలేఖలకి నన్నెవరూ మెచ్చుకోలేదుగానీ ఆ అరని చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నాకూ పొగరెక్కింది. ఆ పొగరే కొంప ముంచింది.

అన్నీ అయ్యాక, చివర్లో బావ చొక్కా జేబులోంచి ఇంకో డిస్కు తీశాడు. అది సంచీలో వెయ్యలేదు. చేత్తో పట్టుకుని బస్సులో వచ్చాడు.

ఆ సినిమా సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అక్క ఇంటర్ చదివేటప్పుడు బీచిలో షూటింగు జరిగితే కాలేజీ ఆడపిల్లల్ని కొంతమందిని తీసుకెళ్ళారు. అందరికీ ఒకేరకం పసుప్పచ్చ ఓణీలు ఇచ్చి, తలో పులిహోర పొట్లం చేతిలో పెట్టి, ఒడ్డున నడవమన్నారు. సినిమాలో అది ఏడెనిమిది సెకన్లుంటుంది. ముగ్గురు అమ్మాయిలు నడుచుకుంటూ వస్తారు. ఒడ్డున లాగి పెట్టిన వేటపడవ వెనక్కి వెళ్తారు. పడవ దాటి ఇవతలికి రాగానే మధ్యలో అమ్మాయి జడ వెనక్కి విసిరి, కెమెరా వైపు చూసి నవ్వుతుంది. కెమెరా వైపు చూడొద్దని చెప్పారట. చూసింది. అదీ మా అక్క.

సినిమా వారం ఆడలేదు. దాన్ని జనమే కాదు, తీసినవాళ్ళూ మర్చిపోయారు. పదేళ్ళు దాటాక, తొంభైల మధ్యలో, ఒక మధ్యాహ్నం మా వైపు కేబుల్లో వేశారు. కేబులాయన ముందే చెబితే బావ వీసీఆర్ అరువు తెచ్చి టేపులోకి ఎక్కించాడు. అక్క అప్పుడు బాగానే ఉంది. ఆ ముక్క వెనక్కీ ముందుకీ తిప్పించుకుని, ఛీ, చీపురుపుల్లలా ఉన్నాను అని ఒకటే నవ్వు. ఆమె పోయాక ప్రతి ఆబ్దికానికీ భోజనాలయ్యాక బావ ఆ టేపు పెట్టేవాడు. పెళ్ళి నాటికి మాకు వీడియో లేదు, ఉన్నవి నాలుగు ఫొటోలు. అక్క నడవడం, తిరగడం, నవ్వడం ఈ భూమ్మీద ఆ ఒక్కచోటే ఉంది. సముద్రపు గాలికి టేపు బూజు పట్టింది. డిస్కులోకి ఎక్కించమని కొట్లో ఇస్తే, ఎక్కించారు గానీ ఆ తర్వాత టేపు మిషన్లో ఇరుక్కుని తెగింది. ఇదంతా బావ నాకు ముందే చెప్పాడు.

"ఒరే, ఇదొక్కటే ఉందిరా. టేపు పోనాది. పెట్టె మీద మీయక్క బొమ్మ ఎయ్యి సాలు. డిస్కు మీద ఏటీ అంటించకు," అన్నాడు.

ముందుగా ఒక కాపీ తీసిపెట్టుకోలేదా అంటారు. నన్ను నేను రోజూ అడుక్కునేదీ అదే. కంప్యూటర్లో చోటు లేదు. పెళ్ళిళ్ళ సీజను ఫైళ్ళన్నీ చెరిపితే చోటొస్తుంది. పని అయ్యాక చెరిపి, అప్పుడు తీద్దాంలే అనుకున్నాను. నా బద్ధకానికి ఇంతకంటే పెద్ద పేరు పెట్టుకోను.

బొమ్మ కోసం ఆ ముక్కని ఆపి ఆపి చూశాను. అక్క తిరిగి నవ్వే చోట ఎక్కడ ఆపినా మొహం అలుక్కుపోతోంది, జడ ఒక నల్లటి మరకలా వస్తోంది. కదులుతుంటే అక్క, ఆపితే ఎవరూ కాదు. పడవ వెనక్కి వెళ్ళకముందు మాత్రం ముగ్గురి మొహాలూ తేటగా ఉన్నాయి. అక్కడ ఆపి, మధ్యలో అమ్మాయిని పెద్దది చేసి, చుక్కలన్నీ నునుపు చేసి, వెనక సముద్రానికి కొంచెం నీలం ఎక్కించాను. పక్కనున్న ఇద్దరినీ కోసేసి ఆ ఫైలు మీదే సేవ్ కొట్టాను. నా జీవితంలో అంత మంచి అట్ట నేను వెయ్యలేదు. వెనకవైపు బావ చెప్పిన ముక్క: ఇది మేము కలిసి సూసింది ఇంట్లో. మీయక్క పది సార్లు తిప్పించింది.

అక్కడితో ఆగొచ్చు కదా. ఆగలేదు. అంత అందమైన పెట్టె తెరిస్తే లోపల స్కెచ్ పెన్ను రాతతో వెలవెలబోతూ డిస్కు. నాకు మనసొప్పలేదు. పూర్ణా మార్కెట్లో గుండ్రటి స్టిక్కర్లు అమ్ముతారు, మధ్యలో చిల్లుతో సహా. దాని మీద అదే సముద్రం ముద్రించి డిస్కు మీద అంటించాను. బావ వద్దన్నాడు. అయినా సరే అంటించాను. చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. వానాకాలం, గాలంతా తేమ, చేతులకి చెమట. స్టిక్కరు వెంట్రుకవాసి పక్కకి జరిగింది, ఒక చోట ముడత. ఎవరికీ కనపడదు. నాకు కనపడింది. అంచు గోటితో లేపి పీకాను.

కాగితంతోపాటు డిస్కు మీది వెండిపూత ఊడి వచ్చింది. అరచేయంత మేర డిస్కు ఉత్త ప్లాస్టిక్కయిపోయింది. దాని వెనక నా వేళ్ళు కనిపించాయి. ఆ కొట్లో ఎక్కించే డిస్కులకి సినిమా ఉండేది ఆ పూతలోనేనని, స్టిక్కరు అంటుకునేది కూడా దానికేనని, అన్ని డిస్కులకి అట్టలు వేసిన వెధవని, నాకు తెలీదు. మిగిలిన ముక్కనైనా చదువుతుందేమోనని కంప్యూటర్లో పెట్టాను. అది కాసేపు గుర్రుమని తిరిగి, బయటికి తోసేసింది.

నాలుగు రోజులు విశాఖపట్నమంతా తిరిగాను. గీత పడిన డిస్కుకి టూత్‌పేస్టు రుద్దమని చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. పూత ఊడినదానికి ఏం రుద్దాలో ఒక్కడూ చెప్పలేదు. ఆ కేబులాయన ఆఫీసు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. టేపు ఎక్కించిన కొట్టువాడు అంత పాతవి మేం దాచిపెట్టం అన్నాడు. పూర్ణా మార్కెట్లో ఆ సినిమా పేరు చెబితే, అలాంటి సినిమా ఉందా అని నన్నే ఎదురడిగారు.

అయిదో రోజు పెట్టె పట్టుకుని వన్‌టౌన్ వెళ్ళాను. దాచుదామా అని దారంతా అనుకున్నాను, ప్లేయరు పాడైందని ఆయనే అనుకుంటాడు కదా అని కూడా అనుకున్నాను. అంత నీచంగా ఆలోచించిన మాట నిజం. గుమ్మంలో ఆయన్ని చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. బావ డిస్కు తీసి కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు దాంట్లోంచి బయటికి చూశాడు. తిడతాడని, కొడతాడని ఎదురుచూశాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆయన డిస్కుని పెట్టెలో పెట్టి, మూసి, పైన అట్టని తుడిచాడు.

"పోన్లే. బొమ్మ ఉంది కదా," అన్నాడు.

మిగతా పెట్టెల్లా వెన్ను కనబడేలా కాకుండా, దీన్ని మొహం బయటికి ఉండేలా అర మధ్యలో నిలబెట్టాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నిజమే, బొమ్మ ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆబ్దికానికి ఇంకా ఉన్న రెండు నెలలూ ఆ మాట పట్టుకునే రోజులు గడిపాను.

ఆబ్దికం వచ్చింది. భోజనాలయ్యాయి, వచ్చిన ఇద్దరు ముగ్గురూ వెళ్ళిపోయారు. ఎప్పుడూ టేపు పెట్టే వేళ. బావ టీవీ వైపు చూడకుండా అర దగ్గరికి వెళ్ళి, పెట్టె ముందు దీపం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడే నన్ను పిలిచాడు.

"ఒరే, ఇది పడవకి ముందు బొమ్మా, తర్వాత బొమ్మా?"

ముందుది బావా, తేటగా ఉందని తీశాను అన్నాను.

"ముందు మీయక్క సివర్న కదరా ఉండేది. పడవ ఎనక్కెళ్ళి వచ్చాక కదా మద్దిలోకొచ్చింది."

ఎన్నేళ్ళుగానో ప్రతి ఆబ్దికానికీ, బహుశా మధ్యలో ఎవరూ లేనప్పుడు కూడా, ఆ ముక్క చూసినవాడు ఆయన. నేను ఏడాదికోసారి ఆ నవ్వు మాత్రమే చూసి, ముందు నడకని ఆ మధ్యాహ్నం ఒక్కసారి ఆపి ఆపి చూసినవాణ్ణి. పడవ దాటాక అక్క మధ్యలో ఉంది కాబట్టి ముందూ మధ్యలోనే ఉండి ఉంటుందని అనుకుని కోసేశాను. ముగ్గురూ ఒకే ఓణీలు, ఒకే జడలు, పదిహేడేళ్ళ బక్కపిల్లలు. ఆ ఏడాది అక్కకి ఒక్క ఫొటో లేదు పోల్చుకుందామంటే. బావ ఆమెని ఆ వయసులో ఎరగడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒకే కంచంలో తిన్నవాణ్ణి, ఆ అట్ట ముందు నిలబడి ఎంత చూసినా అది అక్కో కాదో చెప్పలేకపోయాను. చివరనున్న పిల్లని నా చేతులతో కత్తిరించి పారేశాను.

నాకే మరుపొచ్చి ఉంటుందిలే అని బావ ఆ రోజు నా కోసం అన్నాడు. ఆయనకి మరుపు లేదు. నేల టికెట్టు మీద చూసిన సినిమాలో ఏ పాటకి వాన మొదలైందో చెప్పగలిగినవాడు.

అట్ట తీసేస్తానన్నాను. ఉత్త తెల్లకాగితం పెడతాను, పేరు మాత్రం రాస్తానన్నాను. బావ ఒప్పుకోలేదు.

"ఉండనీరా. మీయక్కయితే మీయక్క. కాపోతే ఎవరి పిల్లో పాపం, మీయక్క పక్కన నడిసింది కదా," అన్నాడు.

అందుకని అది అక్కడే ఉంది. ఎండకి ఇంకు వెలిసిపోతే రెండుసార్లు మళ్ళీ ముద్రించి ఇచ్చాను. మూడోసారికి నా హార్డ్‌డిస్కు పోయింది, ఆ వెలిసిన అట్టనే స్కాన్ చేసి ముద్రించాను. మొహం ఇప్పుడు ఇంకా అలికినట్టుంది. బావ రెండు పూటలా దుమ్ము తుడుస్తాడు, ఆబ్దికానికి దీపం పెడతాడు, నేను పక్కన నిలబడి దణ్ణం పెడతాను. ఆ పిల్ల అక్క కాకపోతే ఈపాటికి నలభై దాటిన మనిషి, ఈ ఊళ్ళోనే ఉండి ఉండొచ్చు. పూర్ణా మార్కెట్లో కాగితం కొనడానికి వెళ్ళినప్పుడల్లా ఆ వయసు ఆడవాళ్ళ మొహాలు చూస్తూ నడుస్తాను. కనపడినా ఆవిణ్ణి నేను గుర్తుపట్టలేను.