వాళ్లింట్లో కూర్చున్న రోజు

గాజువాకలో మా సందులో పదిమంది ఆడవాళ్లం కలిసి గ్రూపు లోను తీసుకున్నాం. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమందీ పూచీ. నేను లీడర్ని. ఆ మాటకి అప్పట్లో కొంచెం పొగరు కూడా ఉండేది నాకు.

మా గ్రూపులోనే ఉన్న ఎదురింటావిడ భర్త పరవాడలో కాంట్రాక్టు పనిలో పైనుంచి పడి, నడుం విరిగి మంచాన పడ్డాడు. రెండు వారాలు కిస్తీ ఆగింది. మూడోవారం వసూలుకొచ్చే ఆయన పొద్దున్నే దిగాడు. అరవలేదు, తిట్టలేదు. "ఆవిడ కట్టేదాకా మీరంతా వాళ్లింట్లోనే కూర్చోండమ్మా. లేదంటే మీలో ఎవరికీ మళ్లీ లోను రాదు" అని, తను వీధిలో బండి మీద కూర్చుని ఫోను చూసుకున్నాడు.

వెళ్లి కూర్చున్నాం. ఆవిడే చాపలు పరిచింది. టీ పెట్టి ఇస్తే సిగ్గులేకుండా తాగాం. కాసేపటికి నా పక్కకొచ్చి, "అప్పా, పిల్ల పరీచ్చ రాసి ఒంటిగంటకి ఒచ్చెత్తాది. అది సూడకముందే లెగిసిపోండప్పా, నీకు దండమెడతాను" అంది.

నేను వీధి వైపు చూశాను. మావాడి ఫీజుకి నాకూ మళ్లీ వచ్చే ఆ లోను తప్ప దిక్కు లేదు. "నా సేతిలో ఏటుందే?" అన్నాను. అబద్ధం. నేను లేస్తే అందరూ లేచేవారు.

మావైపు ఇంటినిండా ఆడవాళ్లు మాటాపలుకూ లేకుండా చాపల మీద కూర్చున్నారంటే, ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. ఆ పిల్ల గుమ్మం ముందు చెప్పులు చూసింది, మమ్మల్ని చూసింది. చేతిలో పరీక్ష అట్ట జారిపోయింది. "నాన్నా!" అని గుండెలు బాదుకుంటూ మా మధ్యలో కూలబడిపోయింది.

లోపల్నుంచి ఆ మనిషి, లేవలేక, "బతికే ఉన్నానమ్మా, ఉన్నాను" అని అరుస్తూనే ఉన్నాడు. దాని ఏడుపులో దానికి వినబడితే కదా!

లోను పుస్తకం వెనక నిబంధనలున్నాయి. వసూలుకొచ్చినవాళ్లు దురుసుగా మాట్లాడకూడదట, బెదిరించకూడదట. ఆయన గట్టిగా ఒక్క మాట అనలేదు, ఆ బెదిరించే పని మాచేత చేయించాడు. ఇరుగుపొరుగుని ఇంటిమీదకి తోలకూడదని కూడా రాయాలి. రాసి ఊరుకోకుండా, తప్పినవాణ్ణి నిలదీసి అడిగే నాథుడుండాలి. అతని మీద నాకు ఇప్పటికీ కోపమే. నా మీద అంతకన్నా ఎక్కువ.

ఎందుకంటే అప్పుడైనా మేం లేవలేదు. కూతుర్ని ఒళ్లోకి లాక్కోడానికి ఆ తల్లి వస్తుంటే, కాళ్లు ముడుచుకుని దారిచ్చాం, అంతే.