మాత్రలు గుర్తుచేసే గొంతు

ఆ పిల్లకి పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఇంట్లో ఎవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. మాటలు వచ్చిన నాటినుంచీ నోరు మూతపడకపోవడంతో అమ్మమ్మ "పిచ్చుక" అంది, అదే స్థిరపడింది. ఇంజనీరింగ్ మూడో ఏడు సెలవుల్లో పిచ్చుకకి ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ దొరికింది. రెండో అంతస్తులో ఎనిమిది బల్లలు, ఎప్పుడూ కిర్రుమనే ఏసీ. అక్కడ తయారవుతున్నది, ముసలివాళ్ళకి రోజూ ఫోన్ చేసి మాత్రలు గుర్తుచేసే ప్రోగ్రాం.

గొంతు ఇవ్వవలసిన ఆవిడ రికార్డింగులు ఇంకా రాలేదు. అవి వచ్చేదాకా నీ గొంతు పెట్టెయ్, తరవాత మార్చేద్దాం అన్నాడు టీమ్ లీడ్. తాత్కాలికం అన్నదే తిష్ట వేసుకుని కూర్చుంటుందని ఆ వృత్తిలో అందరికీ తెలుసు. తెలిసీ అందరూ అదే చేస్తారు. పిచ్చుక స్టోరు గదిలో కాగితాల కట్టల మధ్య నిలబడి ముక్కలు ముక్కలుగా రికార్డు చేసింది. తెల్ల మాత్ర. పచ్చ మాత్ర. వేసుకున్నారా? మంచిది. చివర "రేపు మళ్ళీ చేస్తాను" అని కూడా చెప్పింది గానీ, కత్తిరింపులో అది "రేపు" దగ్గరే తెగిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. పలకరింపులో సంస్థ పేరు చెప్పాలి, ఆ పేరింకా ఖాయం కాలేదు. అందుకని ఇంటికి ఫోన్ చేస్తే ఎవరైనా ఏమంటారో అదే అంది. "నేనే." అవతలివాళ్ళు ఏదో ఒకటి పలకడానికి నాలుగు సెకన్లు ఆగి, తరవాతి ముక్క వినిపించేలా ప్రోగ్రాం రాసింది.

పరీక్షించడానికి నంబర్లు కావాలంటే మొదట అమ్మమ్మ నంబరే ఇచ్చింది. అమ్మమ్మవి గుండె మాత్రలు, ఒక్క పూట కూడా మానకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మ ఏడింటికల్లా ఆస్పత్రి లాండ్రీలో పనికి వెళ్ళిపోతుంది. పిచ్చుక బతిమాలితే అమ్మమ్మ మొండికేసేది. రోజూ తొమ్మిదింటికి ఫోన్ మోగడం మొదలయ్యాక మొండితనం మంత్రం వేసినట్టు పోయింది. ఉద్యోగంలో చేరాక దీనికి మర్యాద తెలిసింది, నన్ను మీరు అంటోందని అమ్మమ్మ మురిసిపోయింది. ఇంట్లో అందరూ నవ్వుకున్నారు.

మూడో వారంలో ప్రోగ్రాం మూడు వందల మంది ముసలివాళ్ళకి వెళ్ళింది. ఆలోగా అసలు రికార్డింగులు వచ్చాయి గానీ, లీడ్ వాటిని పక్కన పెట్టేశాడు. "నేనే" అన్నాక ఒక్కరు కూడా ఫోన్ పెట్టెయ్యడం లేదట. రికార్డయిన కాల్స్ విని తప్పులు పట్టమని పిచ్చుకకి చెప్పాడు. ఈ పని బాగా చేస్తే చదువయ్యాక ఉద్యోగం ఖాయమన్నాడు.

పిచ్చుక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. పట్టపగలు, కిటికీల నిండా ఎండ, పక్క బల్లల దగ్గర అందరూ భోజనాలు చేస్తున్నారు. అయినా ఆరో కాల్‌కే ఆమె కుర్చీ జరిపి వీపు గోడకి ఆనించుకుంది. "నేనే" అనగానే ప్రతివాళ్ళూ "నువ్వా తల్లీ" అంటున్నారు. ఒకాయన మాత్ర మింగి, ఆ నాలుగు సెకన్లలో వెక్కి వెక్కి ఏడిస్తే, పిచ్చుక గొంతు "మంచిది" అంది. ఒకావిడ ఎప్పుడొస్తావే అని అడిగితే "రేపు" అంది. ఎవరికీ ఏ మాటా ఇచ్చిన గుర్తు లేదు. గొంతు మాత్రం తనదే.

అరవై ఒకటో కాల్ వాళ్ళ ఇంటిదే.

"నేనే."

"నువ్వేనా తల్లీ. మెల్లగా మాట్లాడు. ఇంట్లో ఎవరో పిల్ల ఉంటోంది."

"తెల్ల మాత్ర. వేసుకున్నారా?"

"నువ్వు చెప్పావని వేసుకున్నా. అది నీ బట్టలే కట్టుకుంటోంది, నీ మంచం మీదే పడుకుంటోంది. అదిస్తే నేనేమీ మింగను. నువ్వెప్పుడొస్తావు?"

"రేపు."

నాలుగు రోజులుగా అమ్మమ్మ తనని "అమ్మాయ్" అని పిలుస్తోంది. పరధ్యానం అనుకుని ఊరుకుంది పిచ్చుక. ఇప్పుడు లేచి లీడ్ దగ్గరికి వెళ్ళి, నా గొంతు తీసెయ్యండి అంది. లీడ్ చెడ్డవాడేం కాదు. వాళ్ళమ్మ నంబరు కూడా ఆ జాబితాలో ఉందట, రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ వేళకి మాత్రలు వేసుకుంటోందట. "తీసేస్తే వీళ్ళలో సగం మంది ఫోనే ఎత్తరు. తియ్యమంటావా, నువ్వే చెప్పు" అన్నాడు. పిచ్చుక తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి, అమ్మమ్మ నంబరొక్కటీ తుడిచేసింది.

మర్నాడు సెలవు పెట్టింది. తొమ్మిదయింది, ఫోన్ మోగలేదు. అమ్మమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిచ్చుక మాత్రలూ నీళ్ళూ పక్కన పెట్టి, అమ్మమ్మా నేనే, చూడు, అంది. అమ్మమ్మ పెదవులు బిగించి గోడవైపు తిరిగింది. పది దాటింది, పదకొండూ దాటింది. ముసలామె నుదుటి మీద చెమట పడుతోంది. పిచ్చుకకి ఏడుపొచ్చింది. బయటికి వచ్చి, తలుపు దగ్గరగా లాగి, మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, నేను పిచ్చుకని, ఆ మాత్రలు..."

"ఎవరమ్మా నువ్వు?" అని పెట్టేసింది అమ్మమ్మ.

రెండోసారి చేసినప్పుడు ఊపిరి బిగపట్టి, స్టోరు గదిలో పలికినట్టే, ఏ ముక్కకాముక్క పలికింది. "నేనే." లోపల నాలుగు లెక్కపెట్టుకుంది.

"వచ్చావా తల్లీ, పొద్దుట్నించీ చూస్తున్నా."

"తెల్ల మాత్ర." గుటక వినిపించింది. "పచ్చ మాత్ర. వేసుకున్నారా?"

"వేసుకున్నా. ఆ పిల్ల బయటికి పోయింది." గడియ పడిన చప్పుడు ఫోన్లోనూ, వీపు వెనక తలుపులోనూ ఒకేసారి వినబడింది. "ఇంక దాన్ని రానివ్వను. నువ్వెప్పుడొస్తావు?"

ఇక్కడే ఉన్నాను, తలుపు తియ్యి అని నోటిదాకా వచ్చింది. తీస్తే అమ్మమ్మకి కనబడేది ఆ పిల్లే. ఈ గొంతూ దానిదేనని తెలిస్తే, రేపు ఇది చెప్పినా ఇక మింగదు.

పిచ్చుక నాలుగు సెకన్లు ఆగింది.

"రేపు" అంది.