అమ్మ ఎంగిలి

నా బిడ్డకు పళ్లు సరిగా రాకముందు అన్నం నేనే నమిలి పెట్టేదాన్ని. మెదక్ దగ్గర మా ఊళ్లో మా అమ్మ నాకు అట్లనే పెట్టింది. నాంపల్లిలో కిరాయి గదికి వచ్చాక కూడా అలవాటు పోలేదు. ఆబిడ్స్‌లో చీరలకు ఫాల్స్ కుట్టి ఇంటికి రాగానే ఇద్దరం ఒకే పళ్లెంలో తినేవాళ్లం. గట్టి ముక్క వస్తే సగం కొరికి దాని నోట్లో పెట్టేదాన్ని.

దానికి ఏడేళ్లప్పుడు కడుపునొప్పి మొదలైంది. బడి ఎగ్గొట్టడానికి చెప్తోందనుకొని రెండుసార్లు కసిరాను కూడా. ఒకరోజు పొద్దున వాంతిలో నెత్తురు కనిపించింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. నోట్లోంచి గొట్టం దించి చూసి, కడుపులో పుండ్లున్నాయన్నారు. చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపారు. నాకూ ఏండ్ల నుంచి కడుపులో మంట ఉందంటే నాకూ ఆ పరీక్షే చేశారు.

రిపోర్టులు చూసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

"పుండ్లు ఒక క్రిమితోని వచ్చినయ్. ఈ క్రిమి చానామంది కడుపుల ఉంటదమ్మా. అందరికీ గింత పుండు చెయ్యది. కొన్ని క్రిముల్ల ఒక జన్యువు ఉంటది, అది ఉంటే కడుపును ఎక్కువ పాడు చేస్తది. పాపకున్నది గసోంటిదే."

"మరి నాకు?"

"మీదీ గదే రకం."

"అంటే నా నుంచే వచ్చిందా మేడం? నేనే నమిలి పెడుతుంటి."

"కావచ్చు. ఇండ్లల్ల గట్లనే వస్తది. మీ తప్పేం లేదు. మందులతోని పోతది, ఫికర్ చెయ్యకుండ్రి. నమిలి పెట్టుడు మాత్రం బంద్ చెయ్యుండ్రి."

తప్పు లేదన్న మాట నా చెవికెక్కలేదు. ఆ సాయంత్రమే దానికి వేరే పళ్లెం, వేరే గ్లాసు కొన్నాను. "నా ఎంగిలి ముడితే మళ్ల పురుగొస్తది, మళ్ల గొట్టం ఏస్తరు" అని బెదిరించాను. గొట్టం మాట వినగానే అది బిగుసుకుపోయింది.

రెండు వారాలు ఇద్దరం మందులు మింగాం. కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేస్తే ఇద్దరిలోనూ క్రిమి లేదు. ఆరోజు కోడికూర వండి, నా పళ్లెం దగ్గరికి పిలిచాను. అది తన పళ్లెం తీసుకొని దూరం జరిగింది.

"వద్దమ్మా, పురుగొస్తది."

"పోయింది బిడ్డా. మేడం చెప్పింది గదా."

"మళ్లొస్తదని నువ్వే అన్నవ్."

ఇప్పుడది తొమ్మిదో తరగతి. ఏ నొప్పీ లేదు, నా అంత ఎత్తయింది. అన్నం కలిపేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి దానికోసం ఒక ముద్ద చేస్తుంది. అది కూడా నేనే తినేస్తాను.

మొన్న అది నోటుబుక్కు మర్చిపోతే తిండి గంట వేళకు బడికి పోయాను. వరండాలో స్నేహితురాలితో ఒకే డబ్బాలో తింటోంది. ఆ పిల్ల కొరికిన కోడిగుడ్డు సగం తీసుకొని నోట్లో వేసుకొని నవ్వింది. భయం పోయిందని మొదట నాకెంత సంతోషమైందో! తర్వాత, ఆ భయం నా ఎంగిలంటే మాత్రమే మిగిలిందని తెలిసింది. పుస్తకం వాచ్‌మన్‌కిచ్చి వచ్చేశాను.

సాయంత్రం అడిగాను, "ఇయ్యాల ఎవరితోని తిన్నవే?"

"నా డబ్బా నేనే తిన్న" అంది, నా మొఖం చూడకుండా.

"మంచిది బిడ్డా" అన్నాను.